సంఘం భవనంలో ఆదివారాలు: మగపిల్లల చదువు మీద ఒక పని డైరీ

నవంబరు

పదో తరగతి, ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడల్లా పేపర్లో ఒకటే హెడ్డింగు: అమ్మాయిలదే పైచేయి. మంచిదే. మరి మగపిల్లలు ఎటు పోతున్నట్టు? మా ఊళ్లో దీనికి సర్వే అక్కర్లేదు, పొద్దుగూకే వేళ చాయ్ హోటల్ ముందు నిలబడితే తెలిసిపోతుంది. ఒకడు హార్వెస్టర్ మీద క్లీనర్. ఒకడు హైదరాబాదులో డెలివరీ బండి నడిపి పండక్కి వచ్చినవాడు. ఇద్దరు ఇంటర్ ఫెయిలై పాస్‌పోర్టుకు అప్లై చేసుకున్నవాళ్లు. ఇంకొకడు, ఏం చేస్తున్నవ్‌రా అంటే, "ఖాళీనే సార్" అంటాడు.

మాది జగిత్యాల జిల్లా, కోరుట్ల వైపు ఊరు. చాలా ఇళ్లలో అవ్వ బీడీలు చేస్తుంది, నాయిన గల్ఫ్‌లో ఉంటాడు, లేకపోతే పసుపు చేలో ఉంటాడు. నేను కరెంటు డిపార్ట్‌మెంటులో ఏఈని, అంటే అసిస్టెంట్ ఇంజనీరును. డిప్లొమా చేసి, ఈసెట్ రాసి, ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో చేరినవాణ్ని. నాతోపాటు రిటైరైన హెడ్మాస్టరు గారు, బ్యాంకులో పనిచేసే మా బావమరిది, ఆర్మీ నుంచి వచ్చేసిన ఒక హవల్దారు. నలుగురం కలిసి ఈ నెల నుంచి ఆదివారాలు సంఘం భవనం తెరిపిస్తున్నాం. పదిహేను నుంచి ఇరవై ఏళ్ల లోపు మగపిల్లలు ఎవరైనా రావచ్చు.

ముందే ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. ఉపన్యాసాలు వద్దు. "కష్టపడితే పైకొస్తారు" అనే మాట వీళ్లు బడిలో, గుళ్లో, పెళ్లిళ్లలో విని విని ఉన్నారు. వచ్చిన ప్రతివాడి పేరిట ఒక పేజీ తెరుస్తాం. ఏం చదివాడు, ఏ కాగితాలున్నాయి, ఏ తేదీ దాటిపోనుంది, ఇంట్లో ఎవరి మాట చెల్లుతుంది. అంతే రాస్తాం.

డిసెంబరు

వాట్సాప్ గ్రూపు పెట్టాం. గుడ్ మార్నింగ్ ఫొటోలు తప్ప ఒక్క డౌటూ రాలేదు. మీటింగులో అడిగినా అంతే, అందరూ చెప్పుల వైపు చూస్తారు. అదే క్రికెట్ అయిపోయాక బండి మీద కూర్చున్నప్పుడు ఒక్కడే వచ్చి, "అన్నా, పాలిటెక్నిక్ అంటే ఇంటర్ అయినంకనా, ముందటనా?" అని అడుగుతాడు. తెలియదని పదిమందిలో చెప్పుకోవడం ఈ వయసు మగపిల్లలకు చచ్చేంత చిన్నతనం. అడిగితే ఎక్కడ నవ్వుతారోనని అడగడు, అడగక తప్పు కోర్సులో చేరతాడు. మధ్యలో మానేసి, "నాకు చదువు రాదు" అని తనకు తానే సర్టిఫికెట్ ఇచ్చుకుంటాడు.

అందుకని జోడీలు కట్టాం. పదో తరగతి వాడికి డిప్లొమా మొదటి ఏడాది వాడు, ఇంటర్ వాడికి బీటెక్ రెండో ఏడాది వాడు. ఒక్క మెట్టు పైనున్నవాడు చాలు. నలభై ఏళ్ల నన్ను అడగని ప్రశ్న పంతొమ్మిదేళ్ల అన్నను అడుగుతారు. పైగా ఆ అన్నకు నిరుటి కౌన్సెలింగ్‌లో తాను తిన్న దెబ్బలు ఇంకా పచ్చిగా గుర్తుంటాయి.

జనవరి

ఈ నెలంతా కాగితాలే. చెప్పుకోవడానికి విసుగ్గా ఉంటుంది గానీ, అసలు పని ఇక్కడే ఉంది.

ఒక పిల్లాడి ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1. వాడి తమ్ముడికీ జనవరి 1. అప్పట్లో ఆధార్ క్యాంపులో తేదీ తెలియదంటే అదే కొట్టేసేవాళ్లు. టెన్త్ మెమోలో మాత్రం అసలు తేదీ ఉంది. ఇంకొకడికి ఇంటిపేరు స్పెల్లింగు మెమోలో ఒకటి, ఆధార్‌లో ఒకటి. ఇలాంటివి ఇవాళ ఎవరికీ అడ్డు కావు. జూన్‌లో అప్లికేషన్ నింపే రోజున అడ్డొస్తాయి, అప్పుడు ఆధార్ సెంటర్ ముందు క్యూ రోడ్డు దాకా ఉంటుంది. ఆధార్‌లో పుట్టిన తేదీ ఒక్కసారే మార్చుకోనిస్తారు, పేరు రెండుసార్లు. అందుకే తొందరపడి ఏదో ఒకటి దిద్దించొద్దని, టెన్త్ మెమోలో ఎలా ఉందో అక్షరం అక్షరం అలాగే దిద్దించాలని హెడ్మాస్టరు గారు ప్రతి పేజీ మీదా ఎర్ర పెన్నుతో రాశారు.

ఆధార్‌కు ఫోన్ నంబరు లింకు ఇంకో తలనొప్పి. డిగ్రీలో చేరాలంటే ఆన్‌లైన్ అడ్మిషన్ల సైట్ దోస్త్‌లో రిజిస్టర్ కావాలి, దానికి ఓటీపీ ఆధార్‌కు లింకైన నంబరుకే వస్తుంది. చాలామందికి ఆ నంబరు నాయినది. నాయినేమో మస్కట్‌లో ఉన్నాడు, ఆ సిమ్ము ఎప్పుడో పోయింది.

ఆదాయ సర్టిఫికెట్ సంగతీ ఇంతే. కౌన్సెలింగ్‌కు ఆ ఏడాది జనవరి 1 తర్వాత తహసీల్దారు ఇచ్చినదే చెల్లుతుంది. నిరుడు తీసింది బీరువాలో భద్రంగా ఉందంటే లాభం లేదు. ఫీజు రీయింబర్స్‌మెంటుకు ఎస్సీ, ఎస్టీలకు రెండు లక్షలు, బీసీలకు ఊళ్లలో లక్షన్నర, పట్నాల్లో రెండు లక్షలు ఆదాయ పరిమితి. ఈ అంకెలు పెద్ద చార్టు మీద రాసి గోడకు అంటించాం. కాగితాలు ఇప్పుడే తీస్తే మీసేవలో అరగంట పని. జూన్‌లో అయితే ఓ వారం పోయినట్టే.

ఫిబ్రవరి

పసుపు తవ్వకాలు. పిల్లలు సగం మంది మాయం. తవ్వడం, ఉడకబెట్టడం, ఆరబోయడం, అన్నిటికీ చేతులు కావాలి, పరీక్షలేమో నెత్తిన ఉన్నాయి. పసుపు ఆపమని ఏ ఇంట్లో చెప్పగలం? పొద్దున చేలోకి పోయేవాళ్లకు రాత్రి ఎనిమిది నుంచి పది దాకా భవనం తెరిచి ఉంచుతున్నాం. అరచేతులు పచ్చగా ఉంటాయి, పుస్తకం తిప్పితే ప్రతి పేజీ అంచూ పచ్చబడుతుంది. గణితం ఒక్కటే చేయిస్తున్నాం. పదో తరగతి కాగానే పాలిటెక్నిక్ డిప్లొమాకు రాసే పరీక్ష పాలిసెట్. పాలిసెట్‌లో 120 మార్కులకు 60 గణితానివే, ఫిజిక్స్ 30, కెమిస్ట్రీ 30. అంతా పదో తరగతి సిలబస్సే. బోర్డు పరీక్షకు చదివినదే దానికీ అక్కరకొస్తుంది.

ఇదే నెలలో ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు ఇంటింటికీ దిగారు. పరీక్షే రాయని పిల్లాడికి సీటు ‘రిజర్వ్’ చేస్తారట, ఈ వారంలో కడితే ఫీజులో తగ్గింపట. ఒక అవ్వ బీడీల డబ్బులోంచి అడ్వాన్సు కట్టడానికి సిద్ధమైంది. నేను ఒక్క ప్రశ్న అడిగాను: "మొత్తం రెండేండ్లకు ఎంతయితదో కాగితం మీద రాసిస్తడా?" పీఆర్వో రాసివ్వలేదు. మళ్లీ వస్తానని పోయాడు, రాలేదు.

అవ్వల బీడీ కార్డులు కూడా బయటికి తీయించాం. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ స్కాలర్‌షిప్ ఉంది, నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పెట్టుకోవాలి. చిన్న తరగతులకు ఏడాదికి 1,000 నుంచి మొదలై ప్రొఫెషనల్ కోర్సులకు 25,000 దాకా ఇస్తారు. ముప్పై ఏళ్లుగా బీడీలు చుడుతున్న ఇళ్లలో కూడా ఆ ఊసు తెలియనివాళ్లు ఉన్నారు.

మార్చి

పరీక్షలు. రాయడానికి ఏమీ లేదు. హవల్దారు పొద్దున్నే బండి మీద ఇద్దరిని సెంటర్‌లో దింపి వస్తున్నాడు.

ఏప్రిల్

పరీక్షలు అయిపోయాయి, అందరూ ఖాళీ. ఒక ఆదివారం మా 33/11 కేవీ సబ్‌స్టేషన్‌కు తీసుకుపోయాను. ఈ ఏడాది మొత్తంలో బాగా పనిచేసింది ఏదంటే ఇదే అంటాను.

గేటు లోపల కంకర మీద నడిచేటప్పుడు అందరూ నవ్వుతూ తుళ్లుతూ ఉన్నారు. పవర్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి రాగానే ఆ మోత విని తగ్గారు. కంట్రోల్ రూములో ఆపరేటర్ లాగ్ బుక్ చూపిస్తున్నాడు, గంటగంటకూ ఒక్కో ఫీడర్ మీద, అంటే ఊళ్లకు పోయే లైను మీద, ఎన్ని ఆంపియర్లు నడిచాయో రాసేది. సరిగ్గా అప్పుడే ఒక ఫీడర్ ట్రిప్పయి దానంతటదే ఆగిపోయింది. బ్రేకర్ దబ్బుమని పడేసరికి పిల్లలు ఒకరి మీద ఒకరు పడ్డారు. ఆపరేటర్ మాత్రం కుర్చీలోంచి లేవలేదు. రిలే చూశాడు, టైము రాశాడు, లైన్‌మన్‌కు ఫోన్ కొట్టాడు. "చెట్టు కొమ్మ పడ్డదట. ఎల్‌సీ అడుగుతున్నడు" అన్నాడు.

ఎల్‌సీ అంటే ఏమిటని అడిగింది ఎవరో కాదు, ఇన్ని నెలలుగా నోరు విప్పని పిల్లాడు. లైన్ క్లియర్. స్తంభం ఎక్కే మనిషి ముందు ఆపరేటర్ దగ్గర అది తీసుకుంటాడు. ఆపరేటర్ లైన్ ఆపి, పుస్తకంలో నంబరు వేసి, ఇతని పేరు రాస్తాడు. ఆ మనిషి దిగి, పని అయిందని తానే చెప్పి వాపసు ఇచ్చేదాకా ఎంత పెద్ద అధికారి ఫోన్ చేసినా లైన్ చార్జ్ చేయకూడదు, అంటే మళ్లీ కరెంటు ఇవ్వకూడదు. పిల్లాడు కాసేపు ఆలోచించి, "అంటే ఆయన పానం ఈ బుక్కుల ఉన్నట్టా?" అన్నాడు. ఆపరేటర్ తలూపాడు.

తర్వాత అక్కడే చెట్టు కింద కూర్చోబెట్టి చెప్పాను. స్తంభం ఎక్కేది జూనియర్ లైన్‌మన్, ఐటీఐ ఎలక్ట్రికల్ చదివి, స్తంభం ఎక్కే పరీక్ష కూడా పాసైనవాడు. ఆ సెక్షన్‌లో సబ్ ఇంజనీరు డిప్లొమా వాడు. ఏఈ పోస్టుకు బీటెక్. మూడు చదువులు, మూడు ఉద్యోగాలు, ఒకటే ఆవరణ. ఐటీఐ చేసినవాడు మళ్లీ డిప్లొమాకు పోవచ్చు, డిప్లొమా చేసినవాడు ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. నేను పోయిన దారే అది. కోర్సుల పేర్లు చార్టు మీద రాసినప్పుడు ఎక్కనిది, ముగ్గురు మనుషులను ఎదురుగా చూసేసరికి ఎక్కింది. ఒకడు స్తంభం ఎక్కి చూపిస్తానని చెప్పులు కూడా విప్పాడు. రెక్క పట్టుకుని ఆపాను.

మే

ఫలితాలు వచ్చాయి. రాసిన పదో తరగతి వాళ్లలో ఇద్దరు తప్ప అందరూ పాస్. మంచి మార్కులొచ్చిన ఒకడితో బాసర ఆర్జీయూకేటీకి, అదే ట్రిపుల్ ఐటీకి, అప్లై చేయించాం. ఆరేళ్ల కోర్సు, రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు బీటెక్, సీటు పదో తరగతి మార్కుల మీదే. మిగిలినవాళ్లు పాలిసెట్ రాశారు. ఇంటర్‌లో ఫెయిలైనవాళ్లు ఇంట్లోంచి బయటికి రావడం మానేశారు. వాళ్ల దగ్గరికి మేమే పోయాం. సప్లిమెంటరీ ఫీజు కట్టడానికి దొరికేది కొద్ది రోజులే. అలక తీరి బయటికొచ్చేసరికి గడువు అయిపోతుంది.

పొద్దున్నే రోడ్డు మీద పరుగెత్తే గుంపు ఒకటి ఉంది. ఆర్మీ అంటే ప్రాణం పెడతారు. వీళ్లను హవల్దారుకు అప్పగించాం. ఆయన మొదటి రోజే బాంబు పేల్చాడు: "పరుగు తర్వాత. ముందు పరీక్ష." 2023 నుంచి అగ్నివీర్‌లకు ముందు కంప్యూటర్ మీద రాత పరీక్ష, అందులో గట్టెక్కితేనే 1.6 కిలోమీటర్ల పరుగు. నెలల తరబడి షూ అరగదీసిన పిల్లలు ఒక్కసారీ మోడల్ పేపర్ తెరిచి చూడలేదు. పైగా నాలుగేళ్ల తర్వాత పాతిక శాతం మందినే ఉంచుకుంటారు, మిగతావాళ్లు ఇంటికి రావాలి, అప్పుడేం చేస్తారో ఇప్పుడే చెప్పమని ఆయన కూర్చోబెట్టాడు. పోలీస్ కానిస్టేబుల్‌కు ఇంటర్ పాస్ కావాలని తెలిశాక, ఇంటర్ వదిలేసిన ఒకడు మరుసటి రోజే సప్లిమెంటరీ ఫీజు కట్టి వచ్చాడు. ఆ పిల్లాణ్ని మళ్లీ ఇంటర్‌కు రప్పించింది ఖాకీ చొక్కా. ఏ దారిన వస్తేనేం.

జూన్

వెబ్ ఆప్షన్లు, అంటే కౌన్సెలింగ్‌లో మనకు కావలసిన కాలేజీలను వరసగా ఆన్‌లైన్‌లో పెట్టడం. దీని గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఊళ్లకు ఊళ్లే ఇక్కడ మోసపోతున్నాయి.

పిల్లల్లో, నెట్ సెంటర్లలో బలంగా పాతుకుపోయిన నమ్మకం ఒకటుంది: "మంచి కాలేజీ పైన పెడితే సీటు రాదు, ఛాన్స్ వేస్ట్ అయితది. మనకొచ్చేదే పైన పెట్టాలె." ఇది పూర్తిగా తప్పు. కంప్యూటర్ మన లిస్టును పైనుంచి కిందికి చదువుతుంది. మన ర్యాంకుకు, రిజర్వేషన్‌కు మొదట ఎక్కడ సీటు దొరికితే అక్కడ ఆగుతుంది. పైన రాసినవి దొరక్కపోతే నష్టమేమీ లేదు, కింది ఆప్షన్‌లో మన వంతు అలాగే ఉంటుంది. దొరికే కాలేజీని పైన పెడితే మాత్రం దానికంటే మంచిది ఖాళీగా ఉన్నా అటు చూడదు.

చెబితే నమ్మలేదు. పేకముక్కలతో చూపించాం. గోడకు నాలుగు కాలేజీల పేర్లు, ఒక్కోదాంట్లో రెండేసి సీట్లు. పిల్లలకు ర్యాంకుల వరసలో ముక్కలు పంచి, ఒక్కొక్కరి లిస్టు చదువుతూ సీట్లు నింపాం. ఏడో ర్యాంకు వాడు ‘తెలివిగా’ కింది కాలేజీని పైన పెట్టాడు, ఎనిమిదో ర్యాంకు వాడు వాడికంటే మంచి కాలేజీలో కూర్చున్నాడు. గోల గోల. ఆ తర్వాత నమ్మారు.

నిరుడు ఏ కాలేజీలో ఏ ర్యాంకు దాకా సీటొచ్చిందో చెప్పే లాస్ట్ ర్యాంకుల పట్టిక కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. దాన్ని ప్రింట్ తీసి, ప్రతి పిల్లాడి చేత స్కేలు పెట్టి వాడి కేటగిరీ కాలమ్ కింద గీత గీయించాం. ఎంసెట్, అదే ఇప్పటి ఈఏపీసెట్ రాసినవాళ్లకు ఇంకో లెక్క ఉంది. బీసీలకు పదివేల లోపు ర్యాంకు వస్తే ప్రభుత్వం ఫీజు మొత్తం కడుతుంది, దాటితే ఏడాదికి 35,000 వరకే. కాలేజీ ఫీజు లక్ష ఉంటే మిగతాది ఎవరు కట్టాలి? ఆ తేడా ఆప్షన్ పక్కనే పెన్సిల్‌తో రాయించాం. రాసి చూశాక ఒకడు హైదరాబాదు శివారు కాలేజీలను కిందికి దించి, నాచుపల్లి జేఎన్టీయూ కాలేజీని పైకి జరిపాడు. కొండగట్టు పక్కనే, ఇంటి నుంచి బస్సు దూరం, అదీ యూనివర్సిటీ సొంత కాలేజీ. దగ్గరున్నది గొప్పదని ఊళ్లో ఎవరూ అనుకోరు, అదొక జబ్బు.

జూలై

తండ్రులతో మాటలు. పిల్లలకు చెప్పడం ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

ఒకాయన ముఖం మీదే అన్నాడు: "ఫీజు సంగతి కాదు సారూ. మూడేండ్లు ఇంట్ల ఖాళీగ కూసుంటడు గదా. ఇప్పుడైతె రోజుకు ఏడెనిమిది వందలు తెస్తడు." న్యాయమైన మాట. నేను వాదించలేదు. పోయిన ఏడాది నెలనెలా ఎన్ని రోజులు పని దొరికిందో ఆయన్నే వేళ్ల మీద లెక్కపెట్టమన్నాను. నాట్లు, కోతలు, పసుపు, మామిడి. వానల్లో లేదు, ఎండల్లో సగం లేదు. ఆయనే కూడి, ఆయనే భాగించి, నెలకు ఎంత పడిందో చూసుకుని కాసేపు మాట్లాడలేదు. అప్పుడు చెప్పాను: ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఫీజు ఏడాదికి నాలుగు వేల లోపే. డిప్లొమా అయ్యాక అప్రెంటిస్‌గా చేరినా 2019లో సవరించిన నిబంధనల ప్రకారం నెలకు కనీసం 8,000, ఐటీఐ వాడికి 7,000. అది జీతం కాదు, నేర్చుకుంటూ తీసుకునే స్టైపెండు. ఒప్పుకున్నాడని కాదు, "సూద్దాం తీ" అన్నాడు. మా దగ్గర ఆ మాట అంటే సగం ఒప్పుకున్నట్టే.

ఇంకొకాయనతో దుబాయ్ నుంచి వీడియో కాల్. కొడుకుకు పద్దెనిమిది నిండగానే పిలిపించుకుంటానని పట్టుబట్టే మనిషి అని విని భయపడుతూ కూర్చున్నాను. ఆయనే ముందు ఎత్తుకున్నాడు: "హెల్పర్‌గ వస్తే నా లెక్కనే అయితది సార్. గీడ ఎలక్ట్రీషియన్ కాగితం ఉన్నోనికి జీతం వేరే, ఇజ్జత్ వేరే." పిల్లాడు పక్కనే ఉండి విన్నాడు. ఇన్నాళ్లూ నాయిన తనకు ఆ మాట చెప్పలేదట. ఐటీఐ ఎలక్ట్రీషియన్‌లో చేరాడు, రెండేళ్లు.

గల్ఫ్‌కు పోవడమే తప్పని మేం అనం, మా మండలం ఆ డబ్బుతోనే నిలబడింది. కానీ పోయేవాడు తెలిసి పోవాలి. పదో తరగతి పాసైతే పాస్‌పోర్టులో ఈసీఆర్ ముద్ర, అంటే పోయే ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలనే ముద్ర, పడదు. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ సైట్‌లో చూసుకోవచ్చు, అతను తీసుకోదగిన సర్వీస్ చార్జి 30,000, దాని మీద జీఎస్టీ. లక్ష, లక్షన్నర అడిగితే వాడు ఏజెంటు కాదు. రాష్ట్ర ప్రభుత్వానికే టామ్‌కామ్ అనే సంస్థ ఉంది, విదేశీ ఉద్యోగాలకు అక్కడ పేరు నమోదు చేసుకోవచ్చు. ఇవన్నీ గోడ మీది చార్టులోకి ఎక్కాయి.

ఆగస్టు

సీట్లు వచ్చాయి. బాసరలో ఒకడు. నిజామాబాద్, వరంగల్ పాలిటెక్నిక్‌లలో కొందరు. నాచుపల్లి పిల్లాడికి నాచుపల్లే వచ్చింది. డిగ్రీకి పోయినవాళ్లలో ఒకడి సీటు దూరంగా పడింది, రెండో విడతలో మళ్లీ ప్రయత్నిస్తున్నాం. హార్వెస్టర్ వాడు మాత్రం రాలేదు. రెండుసార్లు ఇంటికి పోతే వాళ్లవ్వ, "బండి మీద పోయిండు బిడ్డా" అంది. వాడి పేజీ చింపలేదు.

అక్టోబరు

చేరడంతో పని అయిపోదని ఈ నెల తేలింది. వరంగల్ నుంచి ఒకడు రాత్రి పదకొండింటికి ఫోన్: "అన్నా, ఇంగ్లిష్ మీడియం సమజైతలేదు, వచ్చేస్త." మాట్లాడింది వాడి జోడీ, నేను కాదు. తానూ మొదటి సెమిస్టర్‌లో రెండు సబ్జెక్టులు పోగొట్టుకున్నానని, మార్కుల మెమో ఫొటో తీసి పంపాడు. ఫోన్ చేసినవాడు ఇవాళ్టికీ అక్కడే ఉన్నాడు. దసరాకు వచ్చి మళ్లీ పోయాడు కూడా. సెలవులకు వచ్చి తిరిగి పోవడమే అసలు గండం, మానేసేవాళ్లు ఎక్కువగా అప్పుడే మానేస్తారు. అందుకే పండగ మర్నాడు బస్సెక్కే దగ్గర మాలో ఎవరో ఒకరం ఉంటున్నాం.

ఫీజు రీయింబర్స్‌మెంటుకు హాజరు 75 శాతం ఉండాలి, రెన్యువల్ అప్లికేషన్ ఏటా పెట్టాలి. కాలేజీ వాళ్లు చూసుకుంటారని వదిలేయొద్దని అందరికీ చెప్పాం. బకాయిలు పేరుకుపోతే ఆఖర్న సర్టిఫికెట్లు ఇవ్వకుండా తిప్పించుకునేది పిల్లల్నే. చేరిన ప్రతివాడి ఒరిజినల్స్ అన్నీ స్కాన్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టి, ఒక కాపీ హెడ్మాస్టరు గారి దగ్గర ఉంచాం.

కొత్త పదో తరగతి వాళ్ల జాబితా బడి నుంచి తెచ్చాం. నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసేవాళ్ల జాబితాలు, బోర్డుకు పోకముందే పేర్లు, పుట్టిన తేదీలు ఆధార్‌తో సరిచూడాలి, అవి పోయాక మెమోలో తప్పు దిద్దించడం పెద్ద యాతన. శనివారం హాఫ్ డే లీవు పెట్టాను, బావమరిది లాప్‌టాప్ తెస్తానన్నాడు. అబ్బాయిలవే చూద్దామనుకుని మొదలుపెట్టాం గానీ, హెడ్మాస్టరు గారు జాబితా మొత్తం ముందేసి, "అమ్మాయిలవి ఎవరు చూస్తరయ్యా?" అన్నారు. అన్నీ చూస్తున్నాం.